గోప్యత, గుట్టు, నిఘా: దేశభద్రతా చర్చలో తెలుగు పదాల బరువు

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తీర్పు వెలువరించింది. రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవన, వ్యక్తిస్వేచ్ఛల హక్కులో అంతర్భాగంగా ఆ తీర్పు గుర్తించిన హక్కును తెలుగు పత్రికలు ప్రధానంగా ‘వ్యక్తిగత గోప్యత’ అని వ్యవహరించాయి. అప్పటినుంచి ఆ మాటే స్థిరపడింది. ఒక భావనకు ఒక పేరు స్థిరపడటం భాషకు మేలే. అయితే ఆ పేరు ఆ భావనను ఎంతవరకు మోయగలుగుతున్నదన్న పరిశీలన తెలుగులో తగినంత జరగలేదు. ప్రభుత్వ నిఘాకు, పౌరుల స్వేచ్ఛకు మధ్య ఉండవలసిన హద్దును గురించి తెలుగులో సాగే వాదంలో సగం ఈ మాట దగ్గరే ఓడిపోతున్నదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంస్కృతంలో ‘గుప్’ ధాతువుకు ప్రధానార్థం రక్షించడం. వ్యుత్పత్తిని బట్టి గోప్యం అంటే రక్షింపదగినది. తెలుగు వ్యవహారంలో ఆ రక్షణార్థం జారిపోయి, దాచదగినది అన్న అర్థమే మిగిలింది. ప్రశ్నపత్రాల గోప్యత, ఓటు గోప్యత, దర్యాప్తు గోప్యత అన్నప్పుడు స్ఫురించేది మూతపెట్టి ఉంచిన ఒక విషయమే. మంత్రులు పదవి చేపట్టేటప్పుడు చేసే ప్రమాణాలలో రెండవది గోప్యతా ప్రమాణం. అధికారంలో ఉన్నవారు ప్రభుత్వ రహస్యాలను బయటపెట్టకుండా ఉండవలసిన బాధ్యతకూ, సామాన్యుడు తన ఇంట్లో తన ఇష్టప్రకారం బతికే హక్కుకూ తెలుగులో ఒకే మాట వాడబడుతున్నది. ఆంగ్లంలో ఈ రెండింటికీ వేరువేరు మాటలున్నాయి. వాటి చరిత్రలూ వేరు. తెలుగులో రెండూ కలిసిపోవడంతో హక్కు కాస్తా రహస్యంగా మారిపోయింది. హక్కు రహస్యమైనప్పుడు ‘తప్పు చేయనివాడికి దాచుకోవలసిందేముంది’ అన్న ప్రశ్న తనంతట తానే ముందుకు వస్తుంది. ఆ ప్రశ్న అడిగేవారి దురుద్దేశం కంటే ఇందులో పదం పాత్రే ఎక్కువ.

ఎదుటి పక్షపు మాటకు ఇంత ఇబ్బంది లేదు. ‘నిఘా’ పారసీకంలోని ‘నిగాహ్’ నుంచి ఉర్దూ ద్వారా వచ్చింది. మూలంలో దానికి అర్థం చూపు. గజళ్ళలో ప్రియురాలి చూపు కూడా నిగాహే. తెలుగులో మాత్రం అది పోలీసు చూపుగానే మిగిలి, ‘నిఘా వర్గాలు’, ‘నిఘా నేత్రాలు’ వంటి సమాసాలలో స్థిరపడింది. తెలుగువారికి ఇంకొక క్రియ ఉంది: కనిపెట్టడం. దొంగను కనిపెట్టడం ఒకటి, పసిపిల్లవాణ్ణి కనిపెట్టుకొని ఉండటం మరొకటి. ప్రభుత్వాలు నిఘా గురించి ప్రజలతో మాట్లాడే సందర్భాలలో మొదటి పని చేస్తూ రెండవ అర్థాన్ని ధ్వనింపజేస్తాయి. ‘మీ భద్రత కోసమే’ అన్న పలకల వెనుక ఉన్న అర్థచమత్కారం ఇదే.

ఖరక్‌సింగ్ గుమ్మం ముందు

ఈ చర్చకు భారతీయ న్యాయచరిత్రలో మూలస్థానం ఖరక్‌సింగ్ కేసు. 1941లో ఒక దోపిడీ కేసులో ఆయనను అనుమానించారు. సాక్ష్యం లేకపోవడంతో విడిచిపెట్టారు. అయినా పోలీసులు ఆయన పేర హిస్టరీషీటు తెరిచారు. ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనల్లోని 236వ నిబంధన ప్రకారం ఇటువంటి వ్యక్తి ఇంటిదగ్గర రహస్యంగా కాపు వేయవచ్చు. రాత్రివేళ ఇంటికి వెళ్ళి ఉన్నాడో లేడో చూడవచ్చు. అతని పేరుప్రతిష్ఠలు, అలవాట్లు, సాంగత్యాలు, ఆదాయవ్యయాలు ఆరా తీయవచ్చు. కానిస్టేబుళ్ళు, చౌకీదార్లు అతని రాకపోకలను పైవారికి నివేదించవచ్చు. ఇవన్నీ షీటులో నమోదు కావచ్చు. చౌకీదారు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టి, కేకలు వేసి నిద్రలేపుతున్నాడన్నది ఖరక్‌సింగ్ ఫిర్యాదు.

1962 డిసెంబరు 18న వెలువడిన తీర్పులో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రెండుగా చీలింది. రాత్రివేళ ఇంటికి వెళ్ళడం చెల్లదనడంలో భేదం లేదు. అంతకుమించి ఏది చెల్లదన్న దగ్గర అభిప్రాయాలు విడిపోయాయి. రహస్యంగా కాపు వేయడంవల్ల ఆ మనిషి కదలికలకు అడ్డేమీ లేదని, తనను చూస్తున్నారని తెలియనివాడికి స్వేచ్ఛాభంగం ఎక్కడిదని అధికసంఖ్యాకులు భావించారు. జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షా దీనిని అంగీకరించలేదు. 236వ నిబంధన మొత్తం రాజ్యాంగవిరుద్ధమని వారి నిర్ణయం. సుబ్బారావు రాసిన భిన్నాభిప్రాయపు సారాంశం ఇది: శరీరానికి సంకెళ్ళు లేనంతమాత్రాన మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదు, నిరంతరం పరిశీలించే చూపు కింద నడిచేవాడికి దేశమంతా చెరసాలే, మనసుమీద పడే నిర్బంధం కూడా నిర్బంధమే.

ఈ భిన్నాభిప్రాయాన్ని తెలుగు అధ్యయనం దృష్టితో చదివినప్పుడు ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. అందులో రహస్యం అన్న ప్రసక్తి దాదాపు లేదు. ఖరక్‌సింగ్ ఏదో దాచుకున్నాడని గాని, దాచుకొనే హక్కు అతనికి ఉందని గాని సుబ్బారావు వాదించలేదు. చూపు కింద మనిషి నడక ఎలా మారుతుందన్నదే ఆయనకు ప్రశ్న. ‘గోప్యత’ అన్న మాటలో ఇమడనిది సరిగ్గా ఇదే. 2017నాటి ధర్మాసనం ఖరక్‌సింగ్ తీర్పులో ఈ హక్కును నిరాకరించిన భాగాన్ని రద్దుచేసి, సుబ్బారావు వాదమే సరైనదని అంగీకరించింది. రాజమండ్రిలో పుట్టి, 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన వ్యక్తి వాదం నెగ్గడానికి యాభైనాలుగేళ్ళు పట్టింది. నెగ్గిన రోజున ఆయన సొంతభాషలో దానికి పెట్టిన పేరు మాత్రం ఆయన వాదించని విషయానిది.

అధికసంఖ్యాకుల తర్కం నేటికీ ఆచరణలో బతికే ఉంది. తలుపు తట్టే చప్పుడు ఉంటే హక్కుకు భంగం, చప్పుడు లేకపోతే లేదు అన్నది ఆ తర్కం. ఫోను ట్యాపింగు తలుపు తట్టదు. ముఖాన్ని గుర్తించే కెమెరా కేక వేయదు. 1962లో చెల్లదన్న భాగం సాంకేతికంగా అవసరం లేకుండా పోయింది; చెల్లుతుందన్న భాగమే వెయ్యింతలు పెరిగింది.

చారుల చూపు

తెలుగు సాహిత్యానికి ఈ విషయం కొత్తది కాదు. రాజులు చారులనే కళ్ళతో చూస్తారన్నది రాజనీతి గ్రంథాలన్నింటా ఉన్న భావన. సుబ్బారావు పుట్టిన ఊరిలోనే రాజరాజనరేంద్రుని కోసం నన్నయ తెలుగు చేసిన సభాపర్వంలో నారదుడు ధర్మరాజును రాజ్యపాలనను గురించి వరుసగా ప్రశ్నిస్తాడు. ఆ ప్రశ్నల సంస్కృతమూలంలో ఒక ముఖ్యాంశం ఉంది. శత్రుపక్షంలో పద్దెనిమిది, స్వపక్షంలో పదిహేను అధికారస్థానాలమీద ఒకరినొకరు ఎరుగని ముగ్గురేసి చారులను ఉంచుతున్నావా అని నారదుడు అడుగుతాడు. కౌటిల్యుడు కూడా ముగ్గురు చారుల మాట కలిసినప్పుడే నమ్మమన్నాడు. ఇక్కడ చారుల చూపు మొదట పడేది అధికారం చేతిలో ఉన్నవారిమీద. సామాన్యజనంమీద నిఘా కౌటిల్యుడిలోనూ లేకపోలేదు. సన్న్యాసి, వర్తక వేషాలలో ఊళ్ళలో తిరిగే గూఢచారుల వర్ణన అర్థశాస్త్రంలో విస్తారంగా ఉంది. కనుక ప్రాచీన రాజనీతిని ఆదర్శంగా చూపడం పొరపాటు. ఆ జాగ్రత్తలన్నీ రాజు మోసపోకుండా ఉండటానికి ఏర్పడ్డవే గాని ప్రజను కాపాడటానికి కాదు. అయినా ఒక తేడా గమనించదగినది. చూసేవాణ్ణి ఇంకొకడు చూడాలన్న నియమం అప్పుడు ఉంది.

తిక్కన విరాటపర్వం ఈ విషయంలో మరింత లోతైనది. అజ్ఞాతవాసం అంటేనే ఏడాదిపాటు చూపుకు చిక్కకుండా ఉండటం. దుర్యోధనుడి చారులు దేశమంతా వెదికి పాండవుల జాడ తెలియలేదని చెబుతారు. పాండవుల ముఖాలు ఎవరూ చూడలేదు. కాని ధర్మరాజు ఉన్నచోట వానలు, పంటలు, జనుల నడవడి ఎలా ఉంటాయో చెప్పి భీష్ముడు ఒక ఆనవాలు ఇస్తాడు. కీచకుడి చావు వార్తను బట్టి దుర్యోధనుడు భీముణ్ణి ఊహిస్తాడు. మనిషిని చూడకుండా, అతని మాట వినకుండా, చుట్టూ మిగిలిన గుర్తుల కూర్పునుంచి అతణ్ణి పట్టుకొనే పద్ధతి ఇది. ‘సంభాషణ వినడం లేదు, కాల్ డేటా మాత్రమే తీసుకుంటున్నాం’ అని దర్యాప్తు సంస్థలు ఇచ్చే సమాధానం ఎంత బలహీనమైనదో విరాటపర్వం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఎవరితో, ఏ వేళ, ఎంతసేపు, ఎక్కడినుంచి అన్న నాలుగు గుర్తులు చాలు.

ఇక సీతాపరిత్యాగం. భవభూతి నాటకంలో దుర్ముఖుడనే చారుడు లోకాపవాదాన్ని రాముడి చెవిన వేస్తాడు. తెలుగు ఇళ్ళలో ఈ కథ చాకలి దంపతుల జగడంగా ప్రచారమైంది. ఖరక్‌సింగ్ తీర్పు వచ్చిన కొద్దినెలలకే విడుదలైన ‘లవకుశ’ చిత్రం దానిని మరింత స్థిరపరిచింది. మొగుడూ పెళ్ళాల మధ్య కోపంలో పుట్టిన ఒక మాట రాజు దాకా వెళ్ళింది. చారుడు అబద్ధం చెప్పలేదు. రాజుకు దురుద్దేశం లేదు. రాజ్యక్షేమం పేరుతోనే నిర్ణయం తీసుకున్నాడు. శిక్ష మాత్రం ఆ మాట అన్నవాడికి కాక, ఆ జగడంతో సంబంధమే లేని మనిషికి పడింది. సేకరించిన సమాచారం నిజమైనంతమాత్రాన అది న్యాయానికి దారితీయదన్న సంగతిని ఇంత సూటిగా చూపే కథ మరొకటి లేదు.

త్రాసు ఎవరి చేతిలో

భద్రతకూ స్వేచ్ఛకూ ‘సమతూకం’ కావాలన్నది అందరూ అంగీకరించే మాట. అందులోని భద్రతా పక్షాన్ని తేలికగా తీసివేయడం నిజాయతీ కాదు. 2007 ఆగస్టు 25న హైదరాబాదులో లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌ల దగ్గర జరిగిన పేలుళ్ళలో నలభైమందికి పైగా చనిపోయారు. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్ళీ పేలుళ్ళు జరిగాయి. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జనం గుమికూడే సంస్థలు సీసీ కెమెరాలు అమర్చుకోవాలని చట్టం చేసింది. ఆ కుటుంబాల దుఃఖం ముందు నిలబడి నిఘా వద్దని ఎవరూ అనలేరు. అనవలసిన అవసరమూ లేదు.

చిక్కు త్రాసు ఉపమానంలోనే ఉంది. త్రాసుకు రెండు పళ్ళేలు ఉంటాయి, పట్టుకొనే చేయి ఒకటుంటుంది. సమతూకాన్ని గురించి మాట్లాడేవారంతా పళ్ళేలనే చూస్తారు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 5వ సెక్షను ప్రకారం ఫోను సంభాషణలు వినడానికి ఉత్తర్వు ఇచ్చేది కార్యనిర్వాహక యంత్రాంగం. 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు కొన్ని రక్షణలు విధించింది. హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, దానికి గడువు ఉండాలి, సమీక్షాసంఘం దానిని పరిశీలించాలి. 2007లో ఇవి 419-ఎ నిబంధనగా రూపొందాయి. ముందుగా న్యాయమూర్తి అనుమతి ఉండాలన్న అభ్యర్థనను మాత్రం కోర్టు అంగీకరించలేదు. ఫలితంగా ఉత్తర్వు ఇచ్చేదీ కార్యదర్శే, సమీక్షించేదీ కార్యదర్శులే. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చాక కూడా ఈ ఏర్పాటు స్వభావం మారలేదు.

ఈ సమీక్ష ఆచరణలో ఎలా ఉంటుందో 2018లో జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ సంఘం నివేదిక తెలిపింది. రెండు నెలలకొకసారి సమావేశమయ్యే సమీక్షాసంఘం ముందు ఒక్కొక్కసారి 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు ఉంటాయి. సభ్యులు ఎనిమిది గంటలు లేవకుండా కూర్చున్నా ఒక్కొక్క ఉత్తర్వుకు రెండు సెకన్లు కూడా దక్కవు. రెండు సెకన్లలో ఒక మనిషి పేరు చదవడమే కష్టం. తూచడం అన్న క్రియ ఇక్కడ పేరుకే మిగిలింది.

పుట్టస్వామి తీర్పు త్రాసును వదిలి మరొక పద్ధతి సూచించింది. చట్టం ఉందా, ప్రయోజనం న్యాయమైనదా, చేసిన పని ఆ ప్రయోజనానికి తగిన పాళ్ళలో ఉందా అన్న ప్రశ్నలను వరుసగా అడగాలి. మొదటిదానికి జవాబు లేకపోతే రెండవదాకా వెళ్ళనక్కరలేదు. తెలుగు వ్యాఖ్యాతలు ఈ మూడవ అంశాన్ని కూడా తరచు ‘సమతుల్యత’ అని అనువదించి మళ్ళీ త్రాసు దగ్గరికే తెచ్చారు. వంటలోనూ వైద్యంలోనూ నిత్యం వాడే ‘పాళ్ళు’ అన్న మాట చేతిలో ఉండగా ఇలా జరగడం విచారకరం. మందును రోగి ప్రాణంతో తూచరు. రోగానికి ఎంత కావాలో అంతే వేస్తారు. ఈ వరుసలోని మొదటి ప్రశ్న ముందే తడబడే ఏర్పాట్లు తెలుగునాట తక్కువ కావు. ఖరక్‌సింగ్ హిస్టరీషీటుకు ఇక్కడి సోదరి అయిన రౌడీషీటుకు ఆధారంగా చూపేది శాసనసభ చేసిన చట్టాన్ని కాదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్లను.

ఇక్కడ తెలుగు పాఠకుడిని ఆపే మరొక సంగతి ఉంది. కాలనీవాసులు, వ్యాపారులు చందాలు వేసుకొని కెమెరాలు పెట్టించుకొనేలా హైదరాబాదు ప్రాంతపు పోలీసులు చేపట్టిన పథకానికి ‘నేను సైతం’ అని పేరు పెట్టారు. శ్రీశ్రీ ‘జయభేరి’తో తెలుగువారి నాలుకమీద నిలిచిన పదబంధం అది. విశ్వవేదనలో తన వంతు పాలుపంచుకొనడానికి ముందుకు వచ్చిన మనిషి స్వరం, పొరుగువాడిమీద చూపు నిలపడానికి చేసే చందా స్వరంగా మారింది. పేరు పెట్టినవారికి వ్యంగ్యం ఉద్దేశం కాదు. ఆ మాటలోని ఆకర్షణే వారికి కావలసింది. కవితాపదం సందర్భం మారినప్పుడు అర్థాన్ని ఎంతగా తలకిందులు చేసుకోగలదో చెప్పడానికి అలంకారశాస్త్ర పాఠాల్లో దీనిని ఉదాహరణగా ఇవ్వవచ్చు. కెమెరా దొంగను పట్టిస్తుంది, నిజమే. అదే కెమెరా ఎవరు ఎవరింటికి వచ్చారో కూడా రాసిపెడుతుంది. పోలీసులు దారిలో ఆపి, మాస్కు తీయించి ఫొటో తీసుకున్నారన్న ఫిర్యాదుతో, ముఖాన్ని గుర్తించే సాంకేతికతకు చట్టబద్ధమైన ఆధారం ఏమిటని ప్రశ్నిస్తూ దాఖలైన వ్యాజ్యం మీద 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది.

గుట్టు

గోప్యతకు బదులు ఏ మాట అన్న ప్రశ్నకు కొత్త సమాసం కల్పించనక్కరలేదు. ‘గుట్టు’ ఉంది. పైకి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. గుట్టుకూ రహస్యమన్న అర్థం ఉంది. కాని ‘గుట్టుగా బతకడం’ అన్నప్పుడు దాచినదేదో ఉందని ఎవరూ అనుకోరు. అది ఒక బతుకు తీరు. తన పని తాను చూసుకుంటూ, తన లేమిని గాని కలిమిని గాని వీధిన పెట్టకుండా, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకుండా మర్యాదగా ఉండటం. గుట్టుగా బతికేవారిని లోకం అనుమానించదు, గౌరవిస్తుంది. గోప్యత విషయానికి సంబంధించిన మాట, గుట్టు మనిషికి సంబంధించినది. సుబ్బారావు వాదించిన స్వేచ్ఛకు ఇది చాలా దగ్గర.

ఈ హక్కు స్థలాన్ని కాక మనిషిని అంటిపెట్టుకొని ఉంటుందన్న సూత్రం కూడా తెలుగునాట పుట్టిన కేసులోనే స్పష్టపడింది. స్టాంపు చట్టం 73వ సెక్షనుకు ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా బ్యాంకులోని పత్రాలను తనిఖీ చేయవచ్చని చెప్పింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కెనరా బ్యాంకు మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2004లో ఆ సవరణను నిలబెట్టలేదు. పత్రం ఇల్లు దాటి బ్యాంకుకు చేరినా ఖాతాదారు హక్కు దానివెంటే ఉంటుందని కోర్టు భావించింది. ఇంట్లో బీరువాలో ఉన్నది గుట్టు, ఇతరుల చేతిలో పెట్టినది బహిరంగం అన్న విభజన దీనితో చెల్లకుండా పోయింది. ఫోనులు, సర్వర్లు అన్నీ ఇతరుల చేతుల్లోనే ఉన్న కాలంలో ఈ సూత్రం విలువ పెరిగింది.

గుట్టుకు దోషం లేకపోలేదు. ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీ నోరు మూయించడానికి తరతరాలుగా వాడిన మాట కూడా ఇదే. 1980ల తరువాతి స్త్రీవాద సాహిత్యం పట్టుబట్టి బద్దలుకొట్టింది ఈ గుట్టునే. పుట్టస్వామి తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ ఈ విమర్శను ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఇంటి నాలుగు గోడలు హింసకు కవచం కారాదని అంటూనే, స్త్రీ శరీరంమీద, జీవితంమీద ఆమెకున్న హక్కుకు కూడా ఇదే ఆధారమని వివరించారు. అంటే గుట్టు కుటుంబానికి కాక వ్యక్తికి చెందాలి. తెలుగు వాడుక ఆ దారిలో ఇంకా కొంత నడవవలసి ఉంది.

అయితే జాతి అనుభవం ఈ తేడాను బొత్తిగా ఎరుగనిది కాదు. ‘సంసారం గుట్టు, రోగం రట్టు’ అన్న సామెత ఏది మరుగున ఉండాలో, ఏది బయటపడాలో వేరుచేసి చెబుతుంది. రోగాన్ని దాచితే ముదురుతుంది. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్నది మరొక దిశలో సాగుతుంది. విభీషణుడివల్ల రావణుడి మర్మం బయటపడి రాజ్యమే కూలిన కథ దాని వెనుక ఉంది. రాజ్యానికి కూడా కాపాడుకోవలసిన గుట్టు ఉంటుందని ఈ సామెత ఒప్పుకుంటుంది. యుద్ధవ్యూహం, సరిహద్దు సమాచారం, గూఢచారుల పేర్లు ఆ కోవలోవి. కాని ప్రభుత్వం తన పౌరులమీద నిఘా అధికారాన్ని దుర్వినియోగం చేసిందన్న ఆరోపణ గుట్టు కోవలోకి రాదు. అది రోగం కోవలోకి వస్తుంది.

పెగాసస్ వ్యవహారంలో జరిగింది ఈ రెండింటినీ కలిపివేయడమే. ఆ సాఫ్ట్‌వేరును వాడారా లేదా అన్న ప్రశ్నకు సవివరమైన జవాబు ఇవ్వడం దేశభద్రత దృష్ట్యా కుదరదని కేంద్రప్రభుత్వం చెప్పింది. దేశభద్రత పేరు ఎత్తినంతమాత్రాన న్యాయసమీక్ష ఆగిపోదని 2021 అక్టోబరు 27న జస్టిస్ ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం స్పష్టంచేసి, జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో సాంకేతిక సంఘాన్ని నియమించింది. 2022 ఆగస్టులో ఆ సంఘం సమర్పించిన నివేదికలోని కొన్ని అంశాలను కోర్టు వెల్లడించింది. పరీక్షించిన 29 ఫోనులలో అయిదింటిలో ఏదో ఒక హానికర సాఫ్ట్‌వేరు కనిపించింది; అది పెగాససేనని తేల్చే ఆధారం లేదు; ప్రభుత్వం సంఘానికి సహకరించలేదు. తెలంగాణలో ఫోను ట్యాపింగు జరిగిందని, ఆధారాలు ధ్వంసమయ్యాయని 2024 మార్చిలో నమోదైన కేసులోనూ వివాదం చూసినదాని గురించి ఎంతో, చూసిన దాఖలాలు మిగలకపోవడం గురించి అంతే. పౌరుడి ఫోనులోనిది గోప్యమని ఒప్పుకోవడానికి అయిదు దశాబ్దాలు తటపటాయించిన వ్యవస్థ, ఆ ఫోనును ఎవరు విన్నారన్నది గోప్యమని ఒక్క ప్రమాణపత్రంతో చెప్పగలిగింది. రవీంద్రన్ సంఘం నివేదిక పూర్తిపాఠం ప్రజల ముందుకు రాలేదు.